సంక్రాంతి ఈవెంట్: ఊళ్లో షెల్టర్లకు సాయం, వలంటీర్లు కావాలి

అందరికీ నమస్తే. లండన్‌లో మన నల్గొండ, మహబూబ్‌నగర్ వాళ్ల సంక్రాంతి కలయికకు హాలు, భోజనాలు, ముగ్గుల పోటీ వేరే టీమ్‌లు చూస్తున్నాయి. ఈ థ్రెడ్ మాత్రం ఊళ్లో బస్టాండ్‌లో, రైల్వే స్టేషన్ దగ్గర, సర్కారు దవాఖానా బయట చలిలో పడుకునేవాళ్ల కోసం.

ముందు తేదీ సంగతి. ఈవెంట్ రోజు చందా వసూలు చేసి పంపుదామని కమిటీలో అనుకున్నారు. నేను ఒప్పుకోను. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, సంక్రాంతికి వసూలైన డబ్బు దుప్పట్లయ్యేసరికి శివరాత్రే వస్తుంది. నవంబర్ చివరికల్లా చందాలు ముగించి, డిసెంబర్ మొదట్లో సాయం అందిద్దాం. ఈవెంట్‌లో లెక్క చెప్దాం.

ఇంకొకటి, ఒక్క రాత్రి పంచి ఫొటో దిగే పద్ధతి వద్దు. దుప్పటి తీసుకున్న మనిషి మళ్లీ అదే అరుగు మీద పడుకుంటాడు. పట్టణంలో ఇల్లు లేనివాళ్లకు షెల్టర్ చూపించాల్సింది మున్సిపాలిటీ. 2013లో మొదలై 2024లో ముగిసిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాల్లో లక్ష జనాభాకు కనీసం 100 మందికి చోటు, మనిషికి 50 చదరపు అడుగులు అని రాసి ఉంది. చలికాలంలోనే కాదు, ఏడాది పొడవునా నడవాలి. 2011 లెక్కల్లోనే నల్గొండ జనాభా లక్షన్నర దాటింది. మహబూబ్‌నగర్ అయితే 2025లో కార్పొరేషనే అయింది. అందుకని మొదట రెండు చోట్లా కమిషనర్ ఆఫీసులో, పట్టణ పేదల కోసం పనిచేసే సర్కారు సంస్థ మెప్మా వాళ్ల దగ్గర అడగాలి: ఎన్ని మంచాలున్నాయి, ఆడవాళ్లకు వేరే గది ఉందా, వేడినీళ్లు వస్తాయా, రాత్రి కాపలా ఎవరు? బయట పడుకున్నవాళ్లనూ అడగాలి, షెల్టర్‌కు ఎందుకు పోవడం లేదని. పేషెంట్‌ను వదిలి రాలేనివాళ్లకు దవాఖానా దగ్గరే ఏదైనా చేయాలి. ఊళ్లో తమ్ముడో, చెల్లెలో ఉండి ఈ పని చేయగలిగితే ఇక్కడ రాయండి.

ట్రెజరర్: అన్నా, డబ్బు విషయంలో జాగ్రత్త. మన అసోసియేషన్ ఇక్కడ రిజిస్టర్ అయింది కాబట్టి దాని ఖాతా నుంచి పంపేది విదేశీ విరాళం. తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (ఇండియాలో విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోనే పడాలి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ ఇంకో సంస్థకు ఇవ్వడానికీ లేదు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా నేరుగా పంపితే ఈ చట్టం కిందికి రాదు. బ్రిటిష్ పాస్‌పోర్ట్ తీసుకున్నవాళ్లకు, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, ఆ వీలు లేదు. ఎవరిది ఏ పాస్‌పోర్టో ముందే రాసుకుందాం.

మహబూబ్‌నగర్ అక్క: దుప్పట్లు కొంటే గొంగళ్లు కూడా చూడండి. మన జిల్లాలో నేసే కురుమలకు బేరం దొరుకుతుంది, ఆరుబయట పడుకునేవాళ్లకు మంచి వెచ్చదనం. షెల్టర్‌లో మాత్రం ఉతకడానికి వీలయ్యే రగ్గులే మేలు, అవి మనిషి మారినప్పుడల్లా ఉతకాలి. వీలైతే వాషింగ్ మెషీన్ ఇద్దాం.

నా జవాబు: వాషింగ్ మెషీన్ మాట బాగుందక్కా, షెల్టర్‌లో నీళ్లు, కరెంటు సరిగ్గా ఉంటే అదే మొదట పెడదాం. గొంగళ్ల ధర కనుక్కునే పని మీరే తీసుకోండి.

ఇక్కడి సంగతేంటని కొత్తగా వచ్చిన తమ్ముడు అడిగాడు. లండన్‌లో ఎక్కడైనా ఉష్ణోగ్రత సున్నాకు పడుతుందని అంచనా వస్తే అన్ని బరోల్లోనూ (లండన్‌లోని స్థానిక పాలనా ప్రాంతాలు) ఎమర్జెన్సీ పడకలు ఏర్పాటు చేస్తారు. రోడ్డు మీద ఎవరైనా పడుకుని కనిపిస్తే స్ట్రీట్‌లింక్ అనే వెబ్‌సైట్‌లో చోటు, గుర్తులు రాయండి, స్థానిక టీమ్‌కు చేరుతుంది. ఆ వివరాల పేజీ ఒకటి హాలు గుమ్మం దగ్గర పెడదాం. దాన్ని తెలుగులో రాసేవాళ్లు ఒకరు కావాలి. ఆదివారం రాత్రిలోగా పేర్లివ్వండి.