ఐరిష్ ‘కర’, ఇటాలియన్ ‘కారా’

రోమన్ లిపిలో ఈ రెండు మాటలూ ఒకేలా (cara) కనిపిస్తాయి కదా, బంధుత్వం ఏమైనా ఉందా అని అడిగారు. ఉంది. ఐరిష్‌లో అది ‘కర’, అంటే నేస్తం. ఆడైనా మగైనా అదే మాట. ఇటాలియన్‌లో ‘కారా’ స్త్రీలింగ విశేషణం, ‘ప్రియమైన’ అని. పురుషుడికైతే ‘కారో’.

ఒకరి దగ్గర ఇంకొకరు తెచ్చుకున్నది కాదు. ఇటాలియన్‌కి లాటిన్ ‘కారుస్’ నుంచి వచ్చింది. ఐరిష్‌కి అది తన కెల్టిక్ భాషాకుటుంబం నుంచి వచ్చిన సొంత ఆస్తి, మొదటి అర్థం ‘ప్రేమించేవాడు’. రెండింటికీ మూలం కోరుకోవడాన్ని చెప్పే ఇండో-యూరోపియన్ ధాతువు, అంటే ఈ భాషలన్నిటికీ పూర్వికురాలైన పాత భాషలోది. సంస్కృత ‘కామ’ శబ్దాన్నీ భాషావేత్తలు దానికిందే చేరుస్తారు.

ఉత్తరం మొదట్లో రెండూ కలుస్తాయి. ఇటలీలో ‘కారా మరియా’ అని మొదలుపెడితే, ఐర్లండులో ‘అ ఖర’ అంటారు. సంబోధనలో క కాస్తా ఉర్దూ ఖబర్‌లోని ఖ అవుతుంది. అక్కడి సర్కారు ఉత్తరాల్లో కిందంతా ఇంగ్లీషే ఉన్నా పైన ‘అ ఖర’ కనిపించడం మామూలే.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ మాటలు డబ్బు దగ్గరికి నడిచిన తీరు. ఇటాలియన్ ‘కారో’కి ఖరీదైనది అనే అర్థమూ ఉంది, ‘కరోవీతా’ అంటే బతుకు ఖర్చు పెరిగిపోవడం. మన పేపర్లు ‘పసిడి మరింత ప్రియం’ అని రాసినట్టే. ఐరిష్‌ది వేరే దారి. ‘కర’ నుంచి పుట్టిన ‘కార్డ్యె’ పాత ఐరిష్‌లో రాజ్యాల మధ్య ఒడంబడిక, సంధి. సంధి అంటే పోరుకు విరామం. విరామం నుంచి గడువు. గడువు నుంచి అప్పు తీర్చే వాయిదా. ఇప్పటికీ ‘ఎర్ కార్డ్యె’ కొన్నారంటే అరువుకు, తెలంగాణ మాటలో ఉద్దెరకు తెచ్చుకున్నారని. ఇటలీ ప్రేమ ధర పెంచింది, ఐర్లండు స్నేహం గడువిచ్చింది!

ఇంకొకటి. పాత ఐరిష్ మఠాల్లో పాపాలు చెప్పుకునే గురువును ‘అన్మ్‌ఖర’ అనేవారు, ఆత్మనేస్తం అని. అన్మ్‌ఖర లేని మనిషి తల లేని మొండెం అని సామెత. అందులోని ‘అనమ్’, ఇటాలియన్ ‘ఆనిమా’, మన ‘ప్రాణం’లోని ‘అన్’ కూడా ఊపిరిని చెప్పే ఒకే ధాతువువి. మనం ప్రాణస్నేహితుడు అనడమూ అలాంటిదే.

ప్రియం అంటే ఖరీదు అనే వాడుక మీ ఊళ్లో మాటల్లో ఉందా, పేపర్లలోనేనా? ఏ జిల్లానో కూడా రాయండి.