డేవిడ్ టువా ఎడమచేతి గుద్దు ఉండి కూడా చాంపియన్ ఎందుకు కాలేదు?

మిర్యాలగూడ_నైట్‌షిఫ్ట్

అన్నలూ, నాది రైస్ మిల్లులో రాత్రి డ్యూటీ. బాయిలర్ దగ్గర కూర్చుని పాత హెవీవెయిట్ ఫైట్లు చూస్తుంటా, ఈ వారమంతా డేవిడ్ టువా మీద పడ్డా. సమోవాలో పుట్టి న్యూజిలాండ్‌లో పెరిగినోడు, 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో కాంస్యం. 1996 మార్చిలో జాన్ రూయిజ్‌ని 19 సెకన్లలో పడుకోబెట్టాడు. టీ గ్లాసు కింద పెట్టి తలెత్తేసరికి రిఫరీ చేతులు ఊపేస్తున్నాడు, వెనక్కి పెట్టి మళ్ళీ చూశా.

ఆ రూయిజే 2001లో హోలీఫీల్డ్‌ని ఓడించి ఒక వరల్డ్ చాంపియన్ బెల్టు కట్టుకున్నాడు. ఒలెగ్ మస్కయేవ్ 1997లో టువా చేతిలో చిత్తయ్యాడు, 2006లో ఆయనకూ బెల్టు వచ్చింది. 1998లో టువా ఆపేసిన హసీం రహ్మాన్ అయితే 2001 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికాలో లెనాక్స్ లూయిస్‌నే నాకౌట్ చేసి చాంపియన్ అయ్యాడు. ఇతని దగ్గర దెబ్బలు తిని పోయిన ఈ ముగ్గురికీ దక్కింది, ఇతనికే దక్కలేదు. 59 ఫైట్లు, 52 గెలుపులు, అందులో 43 నాకౌట్లు, రెండు డ్రా. ఓడిన ఐదూ పాయింట్ల మీదే, ఇతన్ని నాకౌట్ చేసిన మగాడు లేడు.

మరి ఏమైంది? 2000 నవంబర్‌లో లాస్ వెగాస్‌లో టైటిల్ కోసం లూయిస్‌తో ఆడింది చూస్తే బాధేసింది, పన్నెండు రౌండ్లు వెంటపడి తిరగడమే సరిపోయింది. పొట్టివాడు కావడమా, బద్ధకమా, పక్కనున్నోళ్ళు ముంచారా? మా అక్క కొడుకు నల్గొండలో బాక్సింగ్ నేర్చుకుంటున్నాడు. పొట్టి, కానీ చెయ్యి పడితే బ్యాగు ఊగిపోతుంది. వాడికి టువా పిచ్చి ఎక్కించింది నేనే, అందుకే అడుగుతున్నా.

కల్వకుర్తి_భాయ్

ఇందులో ఆలోచించేదేముంది, తిండి. లూయిస్‌తో ఆడిన రోజు టువా బరువు 245 పౌండ్లు, అంటే 111 కిలోలు. ఎత్తు 178 సెంటీమీటర్లు. మన ఊర్లో ఆ ఎత్తుకు ఆ బరువుంటే డాక్టర్ దగ్గరికి పొమ్మంటారు. రూయిజ్‌ని కొట్టినప్పటి ఫొటో పక్కన పెట్టి చూడు, వేరే మనిషి. పైగా ఆ రాత్రి జుట్టంతా నిక్కబొడిపించి నిలబెట్టి వచ్చాడు. దాంతో ఎత్తు పెరిగిందేమో గానీ చెయ్యి పొడవు పెరగదు కదా. చాన్స్ ఇంటి ముందుకొస్తే తయారై రానోడి గురించి మనం రాత్రుళ్ళు బాధపడటం వేస్ట్ భాయ్, డ్యూటీ చూసుకో.

సూర్యాపేట_65

@కల్వకుర్తి_భాయ్ బరువు సంగతి ఒప్పుకుంటా, బద్ధకం అంటే మాత్రం ఒప్పుకోను. 1997 జూన్‌లో సాక్రమెంటోలో ఐక్ ఇబియబూచితో ఆడింది చూశారా? ఇద్దరూ అప్పటికి ఓటమి ఎరుగనోళ్ళు, ఇద్దరూ కలిసి 1,730 పంచ్‌లు విసిరారు, అప్పటిదాకా హెవీవెయిట్‌లో లెక్కకొచ్చిన వాటిలో అదే రికార్డు. పన్నెండు రౌండ్లు ఎవరూ వెనక్కి తగ్గలేదు, టువా పాయింట్ల మీద ఓడాడు. బద్ధకస్తుడు ఆ ఫైట్‌లో ఆరో రౌండ్ దాకా కూడా నిలబడడు.

నా లెక్క వేరు. అతని గెలుపులే అతన్ని పాడు చేశాయి. ఒలింపిక్స్ సెమీస్‌లో తనని ఓడించిన నైజీరియా వాడు డేవిడ్ ఐజన్‌ని ప్రొఫెషనల్‌లో దొరకబుచ్చుకుని 1996 చివర్లో పన్నెండో రౌండ్‌లో ఆపాడు. మస్కయేవ్‌ని పదకొండో రౌండ్‌లో. రహ్మాన్‌ని పదో రౌండ్‌లో, అదీ రహ్మాన్ పాయింట్లలో బాగా ముందున్నప్పుడు. తొమ్మిదో రౌండ్ బెల్ మోగాక టువా కొట్టిన గుద్దుకే రహ్మాన్ దిమ్మ తిరిగింది, దాన్నుంచి తేరుకోకుండానే పదో రౌండ్‌కి వచ్చాడు, రిఫరీ ఆపేశాడు. అన్యాయమని రహ్మాన్ మనుషులు మొత్తుకున్నారు, నేను చూసినా కొంచెం అన్యాయంగానే అనిపించింది. కానీ టువా వైపు నుంచి ఆలోచించండి. తొమ్మిది రౌండ్లు ఏమీ చేయకపోయినా ఎక్కడో ఒకచోట ఎడమ హుక్ (చెయ్యి వంచి పక్క నుంచి కొట్టే గుద్దు) తగులుతుంది, గట్టెక్కుతా, ఇదే కదా మనసులో నాటుకునేది? ఒకసారి అయితే ఏమో, అదే పని మూడుసార్లు జరిగింది. ఇంక జాబ్ (ముందు చేత్తో నేరుగా వేసే పంచ్) ఎందుకు నేర్చుకుంటాడు, కుడి చెయ్యి ఎందుకు కలుపుతాడు, తల ఎందుకు కదిలిస్తాడు. 1997లో గుత్తులు గుత్తులుగా పంచ్‌లు వేసిన మనిషి 2000 నాటికి ఒక్కో హుక్ కోసం చూసుకుంటూ తిరిగే మనిషయ్యాడు.

పాలమూరు_కోచ్

సూర్యాపేట తమ్ముడు సరిగ్గా పట్టుకున్నాడు, రింగ్ లోపలి సంగతి నేను కొంచెం కలుపుతా. పిల్లలకు నేర్పడం నా పని.

ముందు ఎత్తు ముచ్చట వదిలెయ్యండి. మైక్ టైసన్‌ది కూడా దాదాపు ఇదే ఎత్తు, 1986లో 20 ఏళ్ళకే చాంపియన్ అయ్యాడు. లూయిస్‌కీ ఇతనికీ అసలు తేడా చెయ్యి పొడవు. లూయిస్ రీచ్, అంటే రెండు చేతులూ పక్కలకు చాపితే ఈ కొన నుంచి ఆ కొనకు, 84 అంగుళాలు, టువాది 70. ఈ తేడా దాటి లోపలికి పోతేనే ఆ హుక్‌కి పని. ఎలా పోవాలన్నదే ప్రశ్న, టువా దగ్గర దానికి జవాబు లేదు. ఆ ఫైట్ మళ్ళీ పెట్టి టువా మొహం కాదు, పాదాలు చూడు. లూయిస్ ఎడమ చెయ్యి చాచినప్పుడు ఇతను ఆ దెబ్బ తిని, ఆగి, అప్పుడు అడుగేస్తాడు. ఇతను అడుగేసేలోపు లూయిస్ వెనక్కి జరిగి ఉంటాడు, లేకపోతే పైనబడి వాటేసుకుని బరువంతా మెడ మీద వేస్తాడు. 196 సెంటీమీటర్ల మనిషి పైన వాలితే పొట్టివాడికి కాళ్ళలో బలం ఎంతసేపు ఉంటుంది? టైసన్ అయితే జాబ్ వస్తుండగానే తల పక్కకు తప్పించి అదే ఊపులో లోపల ఉండేవాడు. దెబ్బ ఆగాక పోవడానికీ వస్తుండగా పోవడానికీ మధ్యే ఉంది అంతా.

మా దగ్గర ఇది నేర్పడానికి ఖర్చేం లేదు. గ్రౌండ్‌లో రెండు గోల్ పోస్టుల మధ్య మంచం నవారు కడతాం, పిల్లాడి భుజం ఎత్తున. దాని కింద నుంచి ఇటు అటు తల దూరుస్తూ, మోకాళ్ళు వంచుతూ, నడుం వంచకుండా ఈ చివర నుంచి ఆ చివరికి పోవాలి, ప్రతి దిగుడుకూ ఒక పంచ్. నవారు మెడకు తగిలితే మళ్ళీ మొదటికి. రెండు రౌండ్లకే తొడలు మంటెక్కుతాయి. నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో వరల్డ్ చాంపియన్ అయ్యాక మా దగ్గరికి పిల్లలు బాగా వస్తున్నారు, సంతోషమే, కానీ సగం మంది మొదటిరోజే నాకౌట్ గుద్దు చూపించమంటారు. చేతిలో బలం పుట్టుకతో ఉన్న పిల్లలకే ఈ నవారు కింద దూరడం అస్సలు నచ్చదు. అవసరం పడదు కదా వాళ్ళకి, ఇంకో పిల్లాడిని ఒక్కటిస్తే ఏడుస్తూ పోతాడు.

మీ అక్క కొడుకు బ్యాగ్ ఊపుతున్నాడన్నావు, అది ఎవరైనా ఊపుతారు. మేకల అభినవ్ స్టేడియం దగ్గర పొద్దున పరుగు తీస్తున్నాడా, జాబ్‌తో మూడు నిమిషాలు ఆడగలడా, అది అడుగు వాళ్ళ సార్‌ని. పొడుగు పిల్లలతోనే స్పారింగ్ (ప్రాక్టీస్ ఫైట్) పెట్టించమను, ఏడ్చినా సరే.

దేవరకొండ_వకీల్

అందరూ రింగ్‌లోనే తిరుగుతున్నారు, కోర్టు సంగతి ఎవరూ ఎత్తలేదు. టువాకీ అతని మేనేజర్లకీ డబ్బు మీదా, పకీరి అనే చోట సముద్రం ఒడ్డున కొన్న భూమి మీదా తగాదా వచ్చి న్యూజిలాండ్ కోర్టుల్లో ఏళ్ళ తరబడి నడిచింది. 2003 మార్చిలో రహ్మాన్‌తో రెండోసారి ఆడి డ్రా చేసుకున్నాడు, మళ్ళీ గ్లౌస్ వేసుకుంది 2005లో. అప్పటికి లూయిస్ రిటైర్ అయిపోయాడు, హెవీవెయిట్‌లో పెద్ద దిక్కు లేదు, బెల్టులు తలా ఒకరి దగ్గరున్నాయి. అంటే టువా లాంటివాడికి అంతకంటే మంచి టైం రాదు, సరిగ్గా అప్పుడే ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది. భూమి కేసుల్లో మనిషి ఎలా అయిపోతాడో నేను రోజూ చూస్తూనే ఉంటా, వాయిదా ఉన్న వారం ఎవరికీ నిద్ర పట్టదు.

మిర్యాలగూడ_నైట్‌షిఫ్ట్

కోచ్ సార్, మస్తు చెప్పారు. ఇప్పుడే లూయిస్ ఫైట్ మళ్ళీ పాదాలు మాత్రమే చూసుకుంటూ చూశా, మీరన్నట్టే ఉంది, ఐదో రౌండ్ నుంచి ఇంకా ఘోరం. నవారు సంగతి మావోడికి ఫోన్ చేసి చెప్తే "మా సార్ తాడుతో చేయిస్తాడు మామా, నేనే ఎగ్గొడుతున్నా" అన్నాడు, వాళ్ళమ్మకి చెప్పా.

వకీల్ సార్, ఒక డౌట్. 2001 ఆగస్టులో క్రిస్ బర్డ్ చేతిలో కూడా ఓడాడు కదా, అప్పటికి ఈ కోర్టు గొడవ లేదు. బర్డ్ చిన్న మనిషి, గట్టిగా కొట్టేవాడు కూడా కాదు. ఆయన్నెందుకు అందుకోలేకపోయాడు?

పాలమూరు_కోచ్

బర్డ్ ఎడమచేతి వాటం వాడు, తమ్ముడూ. కుడి కాలు, కుడి భుజం ముందు పెట్టి నిలబడతాడు, టువా హుక్ వచ్చే దారిలోనే ఆ భుజం అడ్డం ఉంటుంది. అలాంటివాడికి కుడిచేత్తో నేరుగా కొట్టాలి. టువా ఆ రాత్రంతా కుడి చెయ్యి ఎన్నిసార్లు వాడాడో చూసి, రేపు డ్యూటీ దిగాక ఇక్కడే రాయి.