నాటక కంపెనీలో ఇంటర్న్‌షిప్: జూన్‌లో చేరాలి, ఏం సిద్ధం చేసుకోవాలి?

అన్నలకీ అక్కలకీ నమస్కారం. అమెరికాలో ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద థియేటర్‌లో మాస్టర్స్ చేస్తున్నాను, మొదటి సంవత్సరం అయిపోయింది. జూన్ నుంచి ఒక నాటక కంపెనీలో స్టేజ్ మేనేజ్‌మెంట్ ఇంటర్న్‌గా చేరాలి. కొద్దిపాటి స్టైపెండ్ ఇస్తారు. ఊళ్లో పరిషత్తు నాటకాలకి ప్రాంప్టింగ్ చేసేదాన్ని. కాగితాల సంగతీ, పని సంగతీ చెప్పగలరా?

న్యూజెర్సీ నుంచి

చెల్లీ, ముందు కాగితాలు. ఆఫర్ లెటర్ రాగానే డీఎస్‌వో (విదేశీ విద్యార్థుల కాగితాలు చూసే యూనివర్సిటీ అధికారి) దగ్గర సీపీటీ, అంటే చదువులో భాగంగా బయట పని చేసే అనుమతి, అడుగు. ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం) రెండో పేజీలో కంపెనీ పేరు, మొదలు, ముగింపు తేదీలు అచ్చవుతాయి. ఆ మొదటి తేదీకి ఒక్కరోజు ముందు కూడా రిహార్సల్‌కి వెళ్లకు, "ఊరికే వచ్చి కూర్చో" అని ప్రేమగా పిలిచినా సరే. స్టైపెండ్ చిన్నదనో, అసలు లేదనో సీపీటీ వదిలేయొద్దు. నాటకం ముగింపు రోజు వాయిదా పడి ఇంకో వారం ఆడటం మామూలే. అలా అనిపించిన రోజే పొడిగింపుకి పెట్టుకో.

వారానికి 20 గంటలు దాటితే ఫుల్‌టైమ్ లెక్క. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీ మీద ఓపీటీ (చదువయ్యాక ఆ రంగంలో పని చేసే అనుమతి) పోతుంది. ఒక్క వేసవికి ఆ భయం లేదు.

సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోతే, చేరే తేదీకి 30 రోజుల లోపు సీపీటీ ఉన్న ఐ-20, పాస్‌పోర్ట్, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు) పట్టుకుని సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్లు. వచ్చిన మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఎఫ్-1 వాళ్లకి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను కోత ఉండకూడదు. మొదటి పే స్లిప్ చూసుకుని, కోసి ఉంటే వెంటనే పేరోల్ వాళ్లకి చెప్పు. చిన్న కంపెనీల్లో ఈ సంగతి తెలియనివాళ్లు ఎక్కువ.

చికాగో నుంచి

పని సంగతి నేను చెప్తాను. మొదటి రిహార్సల్‌కి ముందు నీకు అప్పజెప్పేది చాలావరకు నేల మీద సెట్ గీత వేయడం. అసలు సెట్ ఇంకా తయారవుతూ ఉంటుంది కాబట్టి రిహార్సల్ గది నేల మీద గోడలు, తలుపులు, మెట్లు అన్నీ అర అంగుళం వెడల్పు గుడ్డ టేప్‌తో వేస్తారు. దాన్నే స్పైక్ టేప్ అంటారు.

గ్రౌండ్ ప్లాన్ (పైనుంచి చూసినట్టు గీసిన సెట్ పటం) ఎక్కువగా అర అంగుళానికి ఒక అడుగు స్కేలులో ఉంటుంది. చేతికి రాగానే ప్లాన్ మీద కొలత రాసి ఉన్న ఒక గోడని స్కేలుతో కొలిచి సరిచూడు. పేజీకి సరిపోయేలా కుదించి ప్రింట్ తీసి ఉంటే మొత్తం సెట్టే చిన్నదైపోతుంది. నటులు మూడు వారాలు తప్పు దూరాలకి అలవాటుపడతారు, స్టేజీ ఎక్కాక గానీ బయటపడదు.

నేల మీద ముందు సెంటర్ లైన్ (స్టేజీని కుడి, ఎడమ సగాలుగా విడదీసే గీత), తర్వాత దానికి అడ్డంగా ప్లాస్టర్ లైన్ (స్టేజీ ముందు కమాను వెనక అంచు వెంట గీత) వెయ్యి. ప్రతి మూలకీ ఈ రెండు గీతల నుంచి దూరం లెక్కించి కాగితం మీద రాసుకున్నాకే టేప్ వెయ్యడం మొదలుపెట్టు. ప్లాన్ మీద ఒక తలుపు మూల సెంటర్ నుంచి 4 అంగుళాలు, ప్లాస్టర్ లైన్ నుంచి మూడుంపావు అంగుళాలు ఉంటే, నేల మీద 8 అడుగులు, ఆరున్నర అడుగులు. 6.5 అంటే 6 అడుగుల 5 అంగుళాలు కాదు, 6 అడుగుల 6 అంగుళాలు. కాలిక్యులేటర్ వాడేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. రెండు అంకాలకి రెండు సెట్లుంటే రెండు రంగుల టేప్ వాడు. కుర్చీకి నాలుగు కాళ్లకీ గుర్తు పెట్టకు, వెనక కాళ్ల దగ్గర రెండు చిన్న ఎల్ ఆకారాలు చాలు. ప్రేక్షకులకి కనబడవు.

కుడి, ఎడమ ఎప్పుడూ ప్రేక్షకుల వైపు తిరిగిన నటుడివి. నటుల కదలికలు పెన్సిల్‌తోనే రాయి, రోజూ మారుతాయి.

నీ ప్రాంప్టింగ్ అనుభవం పనికొస్తుంది, పద్ధతే వేరు. రిహార్సల్లో నటుడు "లైన్" అని అడిగితేనే అందించాలి. అతను ఆగింది మర్చిపోయి కాకపోవచ్చు. అడిగితే నాలుగైదు మాటలు, భావం కలపకుండా, గట్టిగా అందించు. ప్రదర్శనలో వింగ్‌లోంచి (స్టేజీ పక్క మరుగులోంచి) అందించడం ఇక్కడ ఉండదు.

ఈక్విటీ (నటుల యూనియన్) నటులుంటే 55 నిమిషాల పనికి 5 నిమిషాల విరామం, లేదా 80 నిమిషాలకి 10. గడియారం చూసుకుని స్టేజ్ మేనేజర్‌కి ముందే గుర్తుచేసే ఇంటర్న్ అంటే ఎవరికైనా ఇష్టమే.

సియాటిల్ నుంచి

పై అన్న అంతా బాగా చెప్పారు. స్టేజీ వెనక సంగతి ఇంకొంచెం.

పద్యనాటకంలో వన్స్‌మోర్ పడితే పద్యం మళ్లీ అందుకుంటారు, హార్మోనియం వెంట వస్తుంది. ఇక్కడ ప్రతి లైటుకీ శబ్దానికీ నంబరుంటుంది. స్టేజ్ మేనేజర్ హెడ్‌సెట్‌లో "స్టాండ్‌బై లైట్స్ 45" అంటే ఆపరేటర్ "లైట్స్" అని బదులిస్తారు. తర్వాత "లైట్స్ 45, గో" అనగానే బటన్ నొక్కుతారు. అందుకే హెడ్‌సెట్‌లో మామూలు మాటల్లో కూడా "గో" అనే మాట వాడకండి, ఆపరేటర్ పొరపాటున బటన్ నొక్కేస్తారు. హెడ్‌సెట్ తీసేముందు మైకు ఆపండి.

"హెడ్స్!" అని కేక వినబడితే పైకి చూడకండి. పైనుంచి ఏదో పడుతోందని అర్థం, తల కాచుకుని పక్కకి తప్పుకోండి.

నాటకం మొదలవడానికి ఎంత సమయం ఉందో స్టేజ్ మేనేజ్‌మెంట్ వాళ్లు "హాఫ్ అవర్", "ఫిఫ్టీన్", "ఫైవ్" అని చెప్తే "థాంక్యూ, ఫైవ్" అని అదే అంకెతో జవాబివ్వాలి. విన్నారని వాళ్లకి తెలిసేది దాంతోనే.

ప్రాప్స్ (నాటకంలో నటులు వాడే వస్తువులు) బల్ల మీద కాగితం పరిచి, టేప్‌తో గళ్లు కట్టి, ప్రతి గడిలో వస్తువు పేరు రాస్తారు. నాటకానికి ముందొకసారి, ఇంటర్వెల్‌లో ఒకసారి జాబితాతో సరిచూడాలి. ఖాళీ గడి ఉంటే చూడగానే తెలుస్తుంది. మీ విభాగానిది కాని వస్తువు, చిన్న నిచ్చెనైనా, అడక్కుండా ముట్టుకోకండి. యూనియన్ ఉన్నచోట అది పెద్ద గొడవ.

అందరినీ పేరు పెట్టే పిలవండి. సర్, మేడమ్ అక్కర్లేదు.

అడిగిన అమ్మాయి

అందరికీ చాలా థాంక్స్. డీఎస్‌వో అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. బట్టలు, తిండి సంగతి?

చికాగో నుంచి

నల్ల ప్యాంటు, మెరవని నల్ల చొక్కా రెండు జతలు, వేళ్లు మూసుకునే నల్ల బూట్లు, చప్పుడు చేయనివి. గాజులు, పట్టీలు వద్దు. చిన్న టార్చికి నీలం జెల్ (పల్చటి రంగు ప్లాస్టిక్ రేకు) అంటించుకో, వింగ్‌లో తెల్ల కాంతి బయటికి కనిపిస్తుంది. టెక్ (లైట్లు, శబ్దం, సెట్ కలిపి సరిచూసే రిహార్సల్స్) రోజుల్లో 12 గంటలు అక్కడే ఉండి 10 గంటలు పని, మధ్యలో రెండు గంటలు భోజనానికి. మైక్రోవేవ్ ఉంటుందని నమ్ముకోకు, చల్లారినా తినగలిగే పులిహోర లాంటిది కట్టుకెళ్లు. ఆ రోజుల్లో ఇంటికి బయల్దేరేసరికి అర్ధరాత్రి అవుతుంది, చివరి బస్సు ఎన్నింటికో ముందే చూసి పెట్టుకో.