తామరాకు మీద నీరు: "సంస్థితమై"నా, "అంటకయే"నా?

తామరతూడు:
ఒక పద్యపాదం రెండ్రోజులుగా బుర్ర తినేస్తోంది. ప్రకృతిని చూసి సైన్సు ఏం నేర్చుకుంటోందని ఒక వ్యాసం రాస్తున్నా, తామరాకు దగ్గర ఏనుగు లక్ష్మణకవిని, అదే భర్తృహరి సంస్కృత శ్లోకానికి ఆయన చేసిన తెలుగు పద్యాన్ని, పెడదామనుకున్నా. నీటిబొట్టు కాలిన ఇనుము మీద పేరు లేకుండా పోతుంది, తామరాకు మీద ముత్యంలా మెరుస్తుంది, ముత్యపుచిప్పలో పడితే ముత్యమే అవుతుంది, మనిషీ ఎవరిని ఆశ్రయిస్తే అంతే అని. నాకు గుర్తున్నది "నీరమె ముత్యమట్లు నళినీదళ మంటకయే తనర్చు". పుస్తకం చేతిలో లేదు. సరేనా?

యతిప్రాస:
"నళినీదళసంస్థితమై తనర్చు", తామరాకు మీద ఉండి మెరుస్తుందని. అంటకపోవడం గీతలోది, పద్మపత్రమివాంభసా, తామరాకుకి నీరంటనట్టు. రెండూ మీ బుర్రలో కలిసిపోయాయి.

తామరతూడు:
గణాలు కుదిరాయి కదండీ! "మంటక" భగణం, "యే తన" రగణం, నీకీ నీకీ యతి ఎలాగూ కదల్లేదు.

యతిప్రాస:
గణాలు కుదిరినంత మాత్రాన పాఠాంతరం అయిపోదు మాస్టారూ, అలాగైతే మనందరం పాఠాంతరాలే రాస్తాం. భర్తృహరిలోనే "నలినీపత్రస్థితం" అని ఉంది.

పాతటీక:
ఇంకో మాట. ఆ "సం" ఊరికే రాలేదు. మూలంలో మొదటి పాదం "సంతప్తాయసి సంస్థితస్య". కాలిన ఇనుము మీది సంస్థితాన్ని తీసుకెళ్లి తామరాకు మీద పెట్టాడు లక్ష్మణకవి, ఇనుముకి ఉత్త "నిల్చి" మిగిల్చాడు. ఇది ఎవరూ పట్టించుకోరు.

ల్యాబుకోటు:
పద్యం సంగతి మీరు చూసుకోండి, నాకు "స్థితం" దగ్గరే పేచీ. తామరాకు మీద కంటికి కనబడనంత చిన్న బుడిపెలుంటాయి, వాటిపైన మైనపు నూగు. బొట్టు ఆ కొసల మీద కూర్చుంటుంది, కింద అంతా గాలే. అందుకే దాదాపు గుండ్రంగా ఉంటుంది, ఆకుతో చేసే కోణం 150 డిగ్రీలు దాటుతుంది. ఇక్కడిదాకా "ముత్యమట్లు" వందకి వంద. కానీ ఆకు కాస్త వంగిందా, దుమ్ముని కూడా ఊడ్చుకుంటూ బొట్టు జారిపోతుంది. జర్మనీలోని బాన్‌లో బార్ట్‌లాట్, నైన్‌హూయిస్ అనే శాస్త్రవేత్తలు 1997లో దీన్ని వివరంగా రాశారు, 1999కల్లా వానకి తనంతట తాను శుభ్రమయ్యే గోడరంగు వచ్చేసింది. సబ్బునీళ్లు, కడుగుడు తగ్గుతాయి కదా, పర్యావరణానికి లాభం అక్కడ. నిజంగా "సంస్థితం" అనాలంటే గులాబీ రేకు మీది బొట్టుని అనాలి. అదీ గుండ్రంగానే ఉంటుంది, కానీ రేకుని తలకిందులు చేసినా ఊడిపడదు.

తామరతూడు:
అంటే నా "అంటకయే" నెగ్గినట్టేనా?

ల్యాబుకోటు:
సగం. అంటకపోవడం వేరు, జారిపోవడం వేరు. భజగోవిందంలో "నలినీదళగత జలమతితరలం" ఉందే, తామరాకు మీది నీరు మహా చంచలమని, అది రెండోది.

యతిప్రాస:
స్థితం అంటే కదలకుండా అతుక్కుపోయిందని ఎవరన్నారు? ఉన్నది అని అంతే. కొలబద్ద పట్టుకుని కావ్యం చదవకండి బాబూ.

పాతటీక:
అసలు గొడవ నాలుగో పాదంలో ఉంది. మూలం "సంసర్గతః" అంటుంది, అంటే సావాసం. లక్ష్మణకవి "గొల్చువారికిన్" అన్నాడు, అంటే కొలువు! స్నేహం ఉద్యోగమైపోయింది. ఎలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన కూడా భర్తృహరిని తెలుగు చేశారు, అయినా జనం నోట నిలిచింది ఈయనే.

ల్యాబుకోటు:
మొదటి పాదం మీదా నాకు అనుమానమే. లోహం 200 డిగ్రీల పైన బాగా కాలి ఉంటే బొట్టు వెంటనే "అనామకమై" నశించదు, తన ఆవిరి మీదే తేలి గెంతుతుంది. లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ డాక్టరు 1756లోనే రాశాడు.

యతిప్రాస:
ఇక ముత్యపుచిప్పలో వానబొట్టు ముత్యం కాదని కూడా చెప్పేయండి, పద్యం మొత్తం కొట్టేద్దాం.

ల్యాబుకోటు:
కాదుగా మరి :) సరే, తామరతూడు గారూ, వ్యాసంలో ఇది మాత్రం వదలకండి. నీరంటని పూతలు చాలావాటిలో ఫ్లోరిన్ రసాయనాలు వాడారు, అవి మట్టిలో, నీళ్లలో ఏళ్ల తరబడి పోవు. తామర అదే పని మైనంతో చేస్తోంది, ఆకు రాలితే కుళ్లి మట్టిలో కలుస్తుంది. ఆకారం నేర్చుకుని సరుకు నేర్చుకోకపోతే అది సగం చదువే. సాల్వీనియా అని నీటి మీద తేలే ఇంకో మొక్క ఉంది. దాని ఆకు మీది నూగు నీటిని తోసేస్తుంది, నూనెని పీల్చుకుంటుంది, నీటి మీది చమురు తెట్టు తీయడానికి ఆ నూగుని అనుకరించే ప్రయత్నాలు జరుగుతున్నాయి.

తామరతూడు:
ఇది పెడతా. ఇంతకీ ఇలా ప్రకృతిని చూసి నేర్చుకోవడాన్ని, అదే బయోమిమిక్రీని, తెలుగులో ఏమనాలి? జీవానుకరణ అన్నాను.

పాతటీక:
మిమిక్రీ అంటే మనకి స్టేజీ మీద గొంతులు మార్చేవాళ్లే గుర్తొస్తారు. అనుకరణ వద్దు, "అనుసరణ" అనండి. చూసి నేర్చుకుంటున్నారు గానీ వేళాకోళం చేయడం లేదు కదా.

యతిప్రాస:
అనుసరణ అంటే వెంట నడవడం. కాదు. అనుకరణే ఉంచండి.

తామరతూడు:
వ్యాసం రేపు ఇవ్వాలి, టెన్షన్ పెట్టకండి. పాదం "సంస్థితమై" అనే వేస్తున్నా. చదువుకునేటప్పుడు మాత్రం నాకు "అంటకయే".

యతిప్రాస:
పద్యం మొత్తం వేస్తే మూడో పాదం "శుక్తిలోఁబడి"లో అరసున్న మరిచిపోకండి.