తెలివి యొకింత లేనియెడ... దృప్తుడా, తృప్తుడా?

పద్యప్రియ:
అధిక ఐక్యూ ఉన్నవాళ్ల సంఘం మెన్సాలో సభ్యురాలినని చెప్పుకున్న హాలీవుడ్ నటి షారన్ స్టోన్, ఎప్పుడూ సభ్యురాలిని కానని 2002లో ఒప్పుకుంది. ట్రంప్ 2013లో తన ఐక్యూ అందరికన్నా పెద్దవాటిలో ఒకటని ట్వీట్ చేశాడు. అంకె లేదు, ఏ పరీక్షో లేదు. ఇవి చదివినప్పటి నుంచి, అన్నీ తెలుసనుకున్నవాడి గర్వం పండితుల దగ్గర పోయిందని చెప్పే ఏనుగు లక్ష్మణకవి పద్యం నోట్లో నానుతోంది. "తెలివి యొకింత లేనియెడ ...ప్తుడనై కరిభంగి సర్వమున్". ఆ మాట దృప్తుడా, తృప్తుడా? బడిలో తృప్తుడనే చదివినట్టు గుర్తు.

గోదారి గట్టు:
దృప్తుడేనండి, సందేహం అక్కర్లేదు. లక్ష్మణకవి తెలుగు చేసిన సంస్కృత శ్లోకంలో భర్తృహరి "ద్విప ఇవ మదాంధః" (ఏనుగులా మదంతో కళ్లు మూసుకుపోయి) అన్నాడు. మదమెక్కిన ఏనుగుకు దర్పం కుదురుతుంది గానీ తృప్తి ఎలా కుదురుతుంది?

వ్యాకరణం మాస్టారు:
అంత తొందరగా తేల్చకండి. చంపకమాలలో యతి 11వ అక్షరం మీద. 'తె'కి 'తృ' ఎంత చెల్లుతుందో 'దృ' అంతే చెల్లుతుంది, కాబట్టి ఛందస్సు సాయపడదు. పైగా లేనియెడన్ + తృప్తుడ అని విడదీస్తే సరళాదేశం వచ్చి, అంటే 'త' కాస్తా 'ద'గా మారి, 'లేనియెడఁ దృప్తుడ' అవుతుంది. అచ్చులో 'ద' కనబడినంత మాత్రాన దర్పమే అనడానికి లేదు.

గోదారి గట్టు:
వ్యాకరణం ఒప్పుకున్నా అర్థం ఒప్పుకోదు మాస్టారూ. నాలుగో పాదంలో పోయింది "నితాంతగర్వము" కదా!

సైకాలజీ లెక్చరర్:
నాకు తృప్తే నచ్చుతుంది. సినిమావాళ్ల పేర్ల పక్కన 180, 190 అని తిరిగే అంకెలను ఎవరూ గుచ్చి అడగరు, ఆ తృప్తే అసలు జబ్బు. పెద్దల ఐక్యూ కొలవడానికి ఎక్కువగా వాడిన వెక్స్‌లర్ పరీక్ష నాలుగో కూర్పులో మొత్తం స్కోరు 160 దగ్గరే ఆగిపోతుంది. సగటు 100, విచలనం (స్కోర్లు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) 15. ఆ లెక్కన 160 చేరేవాళ్లు దాదాపు 30 వేల మందిలో ఒకరు. పరీక్షను ప్రామాణీకరించింది 2,200 మంది మీద. ఇక 190ని దేనితో పోల్చి చెప్తారు? పాత పద్ధతిలో మానసిక వయసును అసలు వయసుతో భాగించి 100తో హెచ్చవేసేవారు. అమెరికన్ రచయిత్రి మారిలిన్ వోస్ సావంత్ ఐక్యూ 228 అలా పదేళ్ల వయసులో వచ్చిందే. గిన్నిస్ వాళ్లు 1990లో అత్యధిక ఐక్యూ విభాగాన్నే ఎత్తేశారు.

పద్యప్రియ:
స్టీఫెన్ హాకింగ్‌ని 2004లో ఒక ఇంటర్వ్యూలో ఐక్యూ ఎంతని అడిగితే తనకు తెలియదన్నాడు. దాని గురించి గొప్పలు చెప్పుకునేవాళ్ల మీద ఆయనకు గౌరవం లేదు. "పండితులసన్నిధి" అంటే ఇదే.

వ్యాకరణం మాస్టారు:
నన్ను అంతకన్నా బాధించేది 'యొకింత లేని'. మూలంలో ఉన్నది "కించిజ్ఞః", కాస్త తెలిసినవాడు. లక్ష్మణకవి ఆ కాస్తనూ తీసేశాడు. ఒకప్పుడెప్పుడో పరీక్ష రాసి ఆ అంకెను జీవితాంతం మోసుకు తిరిగేవాడు సరిగ్గా కించిజ్ఞుడే. ఏమీ తెలియనివాడికి అంత పొగరు రాదు.

గోదారి గట్టు:
అనువాదంలో జ్వరం కూడా పోయింది! "జ్వర ఇవ మదో మే వ్యపగతః" అన్న చోట జ్వరం దిగినప్పుడు ఒళ్లు తేలికపడ్డట్టుంటుంది. తెలుగులో "గతమయ్యె" అని ఊరుకున్నాడు. ఒక్క "తివిరి యిసుమున" పద్యం చాలు ఆయన్ని నెత్తిన పెట్టుకోవడానికి, కానీ ఇక్కడ మాత్రం మూలమే గెలిచింది.

కొల్లాపురం కోడలు:
అందరూ లక్ష్మణకవి దగ్గరే ఆగిపోతారెందుకో. ఏలకూచి బాలసరస్వతి అంతకు ముందే భర్తృహరిని తెలుగు చేశాడు. "సురభిమల్లా నీతివాచస్పతీ" అని ముగుస్తుంటే ఆ పద్యాలకు ఎంత ఠీవి! భర్తృహరినే తెలుగు చేసిన పుష్పగిరి తిమ్మనను అయితే బొత్తిగా మరిచిపోయారు.

గోదారి గట్టు:
ఠీవి సరేనండి, నోటికి వచ్చే పద్యాలు ఎవరివి?

కొల్లాపురం కోడలు:
పాఠ్యపుస్తకంలో పెట్టినవి నోటికొస్తాయి. పెట్టనివాటిది తప్పా?

వ్యాకరణం మాస్టారు:
ఏలకూచి అనువాదం దగ్గరున్నవాళ్లు ఈ శ్లోకానికి ఆయన ఏ మాట వాడాడో చూసి పెట్టండి. అలాగే లక్ష్మణకవి పాత ముద్రణలో 'లేనియెడ' తర్వాత అరసున్న ఉందో లేదో కూడా.

గోదారి గట్టు:
అరసున్న ఉన్నా నాది దృప్తుడే మాస్టారూ.