వరంగల్–రామప్ప ఒక్కరోజు ప్యాకేజీ: గైడ్ ఉన్న బస్సా, మనమే కారు మాట్లాడుకోవడమా?

మియాపూర్ వాసి
అందరికీ నమస్కారం. రాజమండ్రి నుంచి అమ్మానాన్న వచ్చారు, ఇంకో పది రోజులుంటారు. చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ పోయినసారే అయిపోయాయి. ఈసారి ఊరి బయటికి తీసుకెళ్దామని చూస్తుంటే ఒక ట్రావెల్స్ వాళ్ళ ప్యాకేజీ కనిపించింది. ఉదయం ఆరున్నరకి సికింద్రాబాద్‌లో ఎక్కించుకుని వేయిస్తంభాల గుడి, భద్రకాళి, వరంగల్ కోట, రామప్ప గుడి, లక్నవరం చెరువు చూపించి రాత్రి పదికి దింపుతారట. ఏసీ టెంపో, గైడ్, మధ్యాహ్నం భోజనం కలిపి మనిషికి 2,200. మేం అయిదుగురం, ఎనిమిదో తరగతి చదివే అక్క కూతురితో కలిపి. నాన్నకి 68, మోకాళ్ళు అంతంతమాత్రం, కానీ చరిత్ర చెప్పేవాళ్ళు దొరికితే అన్నం కూడా మర్చిపోతారు. మా ఆవిడేమో కారు మాట్లాడుకుని వెళ్దాం, గైడ్ సంగతి అక్కడ చూసుకుందాం అంటోంది. గైడ్ లేకపోతే రాళ్ళు చూసి రావడమే అవుతుందని నా భయం. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

రిటైర్డ్ లెక్కల మాస్టారు
బాబూ, గైడ్ సంగతి తర్వాత, ముందు గడియారం చూడు. ఆరున్నర నుంచి పది అంటే పదిహేనున్నర గంటలు. వరంగల్‌కి మూడు గంటలు. హనుమకొండ, భద్రకాళి, కోట మధ్య తిరగడానికి ముప్పావుగంట. అక్కడి నుంచి రామప్పకి గంటన్నర. రామప్ప నుంచి లక్నవరం ముప్పావుగంట. లక్నవరం నుంచి వెనక్కి అయిదు గంటలకు తక్కువ కాదు, ఆదివారమైతే ఉప్పల్ దగ్గర నీ అదృష్టం. మొత్తం పదకొండు గంటలు సీట్లోనే. మిగిలిన నాలుగున్నరలో టిఫిన్, భోజనం, టీ, బాత్రూమ్‌లకి రెండున్నర తీసెయ్. మిగిలేది రెండు గంటలు, అంటే అయిదు చోట్లకి తలా ఇరవై నాలుగు నిమిషాలు. చెప్పులు విప్పి మళ్ళీ వెతుక్కునే టైం కూడా అందులోనే.

ఖర్చు సంగతికొస్తే ప్యాకేజీకి నువ్వు కట్టేది 11,000. లక్నవరం వదిలేస్తే రానూపోనూ 430 కిలోమీటర్ల దాకా అవుతుంది, ఏడు సీట్ల బండికి కిలోమీటరు 18 వేసుకున్నా ఎనిమిది వేలలోపే, డ్రైవర్ బత్తా, టోల్ కలిపినా పదివేలు దాటదు. పైన ఉన్న వెయ్యి గైడ్‌కి ఇవ్వు.

ముగ్గురు పిల్లల తల్లి
మాస్టారూ, మీ లెక్క కాగితం మీద బాగానే ఉంది కానీ ఇంట్లో ట్రిప్ ప్లాన్ చేసే మనిషి తలనొప్పి అందులో లేదు. కారు మాట్లాడుకుంటే డ్రైవర్‌కి దారి చెప్పాలి, ఎక్కడ తినాలో వెతకాలి, పార్కింగ్ చూడాలి, "ఇంకెంతసేపమ్మా" అని ఆయన హారన్ కొడుతుంటే పిల్లల్ని లాక్కొచ్చెయ్యాలి. పోయిన డిసెంబర్‌లో మేం ఇలాంటి ప్యాకేజీలోనే వెళ్ళాం, నాకు ఒక్క నిమిషం కూడా టెన్షన్ లేకుండా కూర్చున్న ట్రిప్ అదే. వేయిస్తంభాల గుడికి పిల్లలకి ఇరవై నిమిషాలు చాలు, నిజం చెప్పాలంటే నాకూ చాలు. అందరూ శిల్పాలు చదవడానికి వెళ్ళరండీ, నలుగురం కలిసి బయటికెళ్ళామన్న తృప్తి కోసం వెళ్తారు.

ఓరుగల్లు బిడ్డ
అక్కా, మీరన్నది కాదనను, కానీ ఈ అన్న వాళ్ళ నాన్నగారి కోసం అడుగుతున్నాడు కదా. నాది హనుమకొండే. బంధువులు ఎవరొచ్చినా చూపించే డ్యూటీ నాదే కాబట్టి నాలుగు మాటలు చెప్తా.

బస్సులో వచ్చే గైడ్ వేరు, చోటు దగ్గర ఉండే గైడ్ వేరు. మా పెదనాన్న వాళ్ళతో ఒకసారి బస్సు ప్యాకేజీలో నేనూ ఎక్కాను (సొంతూరికి టూరిస్టులా రావడం అదో సరదా). అతను మైకు పట్టుకుని వేయిస్తంభాల గుడి రాణి రుద్రమదేవి కట్టించింది అన్నాడు. గుడి శాసనం 1163 నాటిది, కట్టించింది కాకతీయ రాజు రుద్రదేవుడు. రుద్రమ గద్దెనెక్కింది అంతకు దాదాపు వందేళ్ళ తర్వాత. పేరులో రుద్ర ఉందని ఇద్దరినీ కలిపేశాడు. అది త్రికూటాలయం, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భగుళ్ళు అన్న ముక్క చెప్పనే లేదు. విడదీసిన కల్యాణమండపాన్ని మళ్ళీ నిలబెట్టి 2024లో తెరిచారు, దాని పక్కనుంచే నడిపించుకుపోయాడు.

కోట అయితే గైడ్ లేకుండా అస్సలు అర్థం కాదు. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు నిలబడి ఉంటాయి, మధ్యలో ఉండాల్సిన గుడి విరిగి కింద పడి ఉంటుంది. తెలంగాణ చిహ్నంలో చార్మినార్‌తో పాటు ఉండే తోరణం అదే. తెలిసినవాడు పక్కన ఉంటే ఆ పడి ఉన్న స్తంభాలు ఏ వరుసలోవో, తోరణం నుంచి గుడి ఎంత దూరమో చూపించి మన కళ్ళముందు కట్టేస్తాడు. లేకపోతే అన్నా, నువ్వన్నట్టు రాళ్ళే. మీ నాన్నగారికి ఇంకో మంచి సంగతి, అక్కడ చాలావరకు చదును నేల.

రామప్పకి మాత్రం ముందు వెళ్ళండి, చివర్న వద్దు. ఇంటి దగ్గర అయిదున్నరకల్లా బయల్దేరి, దారిలో టిఫిన్ చేసి, సరాసరి రామప్ప గుడి ఉన్న పాలంపేట. పదిన్నర, పదకొండుకి అక్కడుంటారు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఆ రాతి మీద చెప్పుల్లేకుండా నడిచారా, పెద్దాయన శిల్పం చూడరు, నీడ వెతుక్కుంటారు. అందరికీ మేజోళ్ళు తీసుకెళ్ళండి. ఇంత చిన్న విషయం ఏ ప్యాకేజీ వాడూ చెప్పడు.

శాసనాల పిచ్చి
చోటు దగ్గరి గైడ్ అంటే ఏదో చరిత్ర ప్రొఫెసర్ అన్నట్టు చెప్తున్నారు. వాళ్ళూ కథలే చెప్తారు. రామప్పలో "ప్రపంచంలో శిల్పి పేరు మీద ఉన్న ఒకే ఒక్క గుడి" అని మొదలుపెడతారు, జనం చప్పట్లు కొడతారు. 1213 శాసనం చెప్పేది కట్టించినవాడు రేచర్ల రుద్రుడు, కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని అని. గుడి పేరు రుద్రేశ్వరం, 2021లో యునెస్కో జాబితాలో చేరింది కూడా ఆ పేరుతోనే. రామప్ప అనే శిల్పి సంగతి నోటి మాటగా వచ్చింది. గైడ్‌కి ఇచ్చే డబ్బుతో ఒక మంచి పుస్తకం కొనుక్కుని ముందురోజు చదివి వెళ్తే మేలు.

ఓరుగల్లు బిడ్డ
సార్, పుస్తకం చదివితే రేచర్ల రుద్రుడు తెలుస్తాడు, ఒప్పుకుంటా. కానీ పైకప్పు కింద వాలుగా నిలబెట్టిన మదనికలు, అంటే ఆడవాళ్ళ శిల్పాలు ఉన్నాయి కదా, నల్లరాతివి, వాటిలో ఒకామె కాలికి ఎత్తు మడమల చెప్పులున్నాయని పుస్తకం చదివినవాళ్ళు ఎంతమంది తల ఎత్తి పట్టుకున్నారు? నేను పుట్టింది ఇక్కడే, పదో తరగతి దాకా నాకే తెలీదు. ఒక ముసలి గైడ్ నా భుజం పట్టుకుని ఒక్క అడుగు పక్కకి జరిపి "ఇప్పుడు చూడు బిడ్డా" అన్నాడు. లోపల స్తంభం మీది చెక్కడంలో సూది పట్టేంత సందులు ఉంటాయి, ఆయన అగరుబత్తి పుల్ల ఇటు దూర్చి అటు తీశాడు. గర్భగుడి ద్వారం దగ్గర వేణువూదే కృష్ణుడి దగ్గరికి తీసుకెళ్ళి అక్కడి రాయి స్వరాలు పలుకుతుందని చెప్పాడు. గోపురం ఇటుకలు నీళ్ళలో తేలతాయి అంటే నేను నమ్మలేదు, అంత తేలిక ఇటుక పైన ఎందుకు వాడారో, పునాదిలో ఇసుక ఎందుకు పోశారో చెప్పాక అప్పుడు నమ్మాను. ఎనిమిదో తరగతి పిల్లకి ఇదంతా పుస్తకంలో చదివించగలరా?

శాసనాల పిచ్చి
పిల్లకి సరే. పెద్దాయనకి నా మాట చెప్పండి.

బీదర్ మీద ప్రేమ
వరంగల్, వరంగల్ అని కొట్టుకుంటున్నారు, ఎవరికీ బీదర్ గుర్తు రాలేదా? మియాపూర్ నుంచి అయితే వరంగల్ వెళ్ళాలంటే ముందు సగం హైదరాబాద్ దాటాలి. బీదర్ అయితే పటాన్‌చెరు, సంగారెడ్డి, జహీరాబాద్, ఇటునుంచి ఇటే. 130 చిల్లర కిలోమీటర్లు. బహమనీల రాజధాని, గోల్కొండని ఏలిన కుతుబ్‌షాహీలు వాళ్ళ దగ్గర పనిచేసి పైకొచ్చినవాళ్ళే. గోల్కొండ చూసినవాళ్ళకి తర్వాత చూడాల్సింది అదే అని నా గట్టి నమ్మకం.

బీదర్ పక్కనే అష్టూర్‌లో బహమనీ సుల్తాన్ అహ్మద్ షా సమాధి ఉంది. లోపల అడుగుపెడితే చీకటి, ఏం కనబడదు. మేం వెళ్ళినప్పుడు కాపలా ఉండే పెద్దాయన బయట ఎండలో అద్దం పట్టుకుని ఆ వెలుతురుని లోపలికి తిప్పాడు. గోడ మీద, గుమ్మటం లోపల ఎరుపు, బంగారు రంగులు ఒక్కో ముక్కా బయటపడుతుంటే మా అమ్మ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఇది ఏ బస్సు ప్యాకేజీలోనూ రాదు, ఆ మనిషిని కదిలించి మాట్లాడితేనే వస్తుంది. కోటలో రంగీన్ మహల్ చాలాసార్లు తాళం వేసే ఉంటుంది, అక్కడి మ్యూజియం ఆఫీసులో అడిగితే తీస్తారు, ముత్యపు చిప్పల పొదుగు పని అందులోనే. 1472 నాటి మహమూద్ గవాన్ మదర్సా ఊళ్ళోనే, మెట్లెక్కే పని పెద్దగా లేదు. తిరుగుదారిలో బిద్రీ (లోహం మీద వెండి పొదిగే పని) పనివాళ్ళ దుకాణంలో కోట మట్టి కలిపిన నీళ్ళలో ముంచగానే లోహం నల్లబడి వెండి మాత్రం తెల్లగా మెరవడం చూస్తే మీ అక్క కూతురు సైన్స్ టీచర్‌ని వదలదు.

ముగ్గురు పిల్లల తల్లి
బీదర్ అన్నారు బాగుంది, మరి అక్కడ గైడ్, భోజనం, బాత్రూమ్? పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు ఆ మూడోదాని గురించి ఎవరూ మాట్లాడరెందుకో.

మాజీ గైడ్
చాలాసేపటి నుంచి చదువుతున్నా, ఇక ఆగలేక రాస్తున్నా. నాలుగేళ్ళు టూర్ల వెంట తిరిగాను, ఇప్పుడు వేరే ఉద్యోగం. బస్సు గైడ్‌ని తిట్టడం తేలిక. అతను ఉదయం నుంచి రాత్రి దాకా జనాన్ని లెక్కపెట్టడం, భోజనం కూపన్లు పంచడం, తప్పిపోయిన మామగారిని వెతకడం చేస్తుంటాడు, మధ్యలో చరిత్ర. టిఫిన్ అయ్యాక మైకులో చెప్తుంటే సగం బస్సు గురక. అతనికి రుద్రదేవుడు, రుద్రమ కలిసిపోయారంటే నాకు కోపం రాదు, జాలేస్తుంది. తప్పు ప్యాకేజీ వేసినవాళ్ళది. అయిదు చోట్లు అని రాస్తే బుకింగ్‌లు వస్తాయి, రెండు చోట్లు అని రాస్తే రావు. జనం కూడా చోట్లు లెక్కపెట్టే కొంటారు మరి.

తమ్ముడూ, ప్యాకేజీయే తీసుకుంటే డబ్బు కట్టేముందు ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడుగు: రామప్పలో ఎన్ని నిమిషాలు ఆపుతారు? "అది పరిస్థితిని బట్టి సార్" అంటే వదిలెయ్. గైడ్ బస్సు దిగి లోపలికి వస్తాడా, తెలుగులో చెప్తాడా, దారిలో చీరల దుకాణం ఆగడం ఉందా అన్నవి కూడా అడుగు. దుకాణం దగ్గర నలభై నిమిషాలు ఆగిన రోజులు నేనూ చూశాను, ఆ నలభై ఎక్కడి నుంచి కోస్తారో చెప్పక్కర్లేదు.

రిటైర్డ్ లెక్కల మాస్టారు
నలభై కోస్తే ఒక్కోచోటికి పదహారు నిమిషాలు.

ఉప్పల్ చౌరస్తా
అంత దూరం ఎందుకు, భువనగిరి కోట యాభై కిలోమీటర్లే కదా.

ఓరుగల్లు బిడ్డ
మోకాళ్ళ నొప్పులాయన్ని ఏకశిల గుట్ట ఎక్కిస్తావా అన్నా? పెద్దవాళ్ళతో దగ్గర్లో అంటే మెదక్ చర్చి మేలు, 1924లో పూర్తయింది, రంగు అద్దాల కిటికీలు పగటి వెలుతురులోనే చూడాలి. నాగార్జునకొండ అనుకుంటే మాత్రం శుక్రవారం మ్యూజియం మూసేస్తారు, లాంచీ నడుస్తుందో లేదో ముందే కనుక్కోవాలి.

మియాపూర్ వాసి
వెళ్ళొచ్చాం. ఏం జరిగిందో రాయకపోతే బాగుండదు. ట్రావెల్స్ వాళ్ళకి ఫోన్ చేసి నిమిషాల సంగతి అడిగాను, "అన్నీ కవర్ అవుతాయి సార్" అన్నారు మూడుసార్లు. కారే మాట్లాడుకున్నాం. అయిదున్నర అనుకుని ఆరుంబావుకి బయల్దేరాం (అమ్మ పులిహోర). పదకొండున్నరకి రామప్ప. మేజోళ్ళ మాట చెప్పిన తమ్ముడికి దండం, పక్క కుటుంబం వాళ్ళు ఎగురుకుంటూ నడుస్తుంటే మేం హాయిగా తిరిగాం. గేటు దగ్గర గైడ్‌ని పెట్టుకున్నాం, గంటన్నర చెప్పాడు. శిల్పి పేరు మీద ఒకే ఒక్క గుడి అన్నాడు కూడా. నాన్న వెంటనే "శాసనంలో ఏముంది బాబూ?" అని అడిగారు, ఆ అబ్బాయి ఒక్క క్షణం ఆగి నవ్వి శాసనం ఉన్న చోటికే తీసుకెళ్ళాడు. అక్కడి నుంచి ఇద్దరూ మమ్మల్ని మర్చిపోయారు.

కానీ ముగ్గురు పిల్లల తల్లి గారన్నదీ నిజమే. భోజనం హోటల్ వెతకడంలో గంట పోయింది, నేనూ మా ఆవిడా అక్కడ కొంచెం గట్టిగానే మాట్లాడుకున్నాం. వేయిస్తంభాల గుడి చూసేసరికి నాన్న కాళ్ళు ఇక చాలన్నాయి, కోట చూడకుండానే తిరిగొచ్చాం. కోట లేకుండా వరంగల్ ట్రిప్ ఏంటని తిట్టేవాళ్ళు తిట్టండి.

బీదర్ మీద ప్రేమ గారూ, నాన్న సంక్రాంతి తర్వాత మళ్ళీ వస్తారట, అద్దం పట్టుకునే ఆ పెద్దాయన కథ చదివి వినిపించాను. కర్ణాటకలోకి వెళ్ళడానికి టాక్సీకి పర్మిట్ వాళ్ళే తీసుకుంటారా, మనం విడిగా కట్టాలా?