కుక్క ఫొటోకి ఆటవెలది: మూడో పాదం దగ్గర సాయం చేస్తారా?

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కాలువ గట్టు మీద, కొబ్బరి డొక్కల గుట్టల మీద పడుకునే ఊరకుక్కలకి ఫొటోలు తీస్తుంటాను. ఒక్కో ఫొటో కింద ఒక సరదా పద్యం రాసి బడి గోడకి పెట్టాలని కోరిక. పద్యం చదివి నవ్విన పిల్లలకి ఆ కుక్క మీద రాయి విసరడానికి చెయ్యి రాదని నా నమ్మకం.

కంద పద్యంలోలా ప్రతి పాదంలో రెండో అక్షరం కలవాలనే ప్రాస నియమం ఉండదని ఆటవెలది ఎంచుకున్నాను. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు (రెండు మూడు అక్షరాల గుంపులు), రెండు ఇంద్రగణాలు (మూడు నాలుగు అక్షరాలవి). సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. ఇంతవరకు వచ్చింది:

తోక యూపు కుక్క తోటలో నిలుచుంటె
కొబ్బరాకు నీడ కొసరి పిలిచె

ఆ తర్వాత ఏం రాసినా ఫొటోలో కనిపించేదే మళ్ళీ చెప్పినట్టు ఉంటోంది. నల్లకుక్క, ఒక చెవి నిక్కి, ఒకటి వాలి, చూపు ఫ్రేమ్ బయటికి. అది దేన్ని చూస్తోందో పద్యం చెప్పాలా? చెప్పకపోతేనే బాగుంటుందని నాకనిపిస్తోంది. పోనీ, కుక్కే మాట్లాడినట్టు రాస్తే?

ఇంకోటి, నీడలో దాని ముఖం ముద్దలా వస్తోంది. ఫోన్‌లో వెలుగు పెంచితే వెనక ఆకాశం తెల్లబడిపోతోంది. ఏ వేళప్పుడు తీస్తే మంచిది? పద్యాలు రాసేవాళ్ళు ఒక్క పాదమైనా సూచించండి, ప్లీజ్.